బురామా బాబాయ్, ఇక దిగు!

బురామా బాబాయ్‌కి ఉన్నది ఒకటే జబ్బు. మనిషి కనబడితే చాలు, వాళ్ళ ఏడు తరాలనూ పొగిడితే గానీ వదిలిపెట్టడు. దానికి మందూ లేదు, మాకూ లేదు. ఆయన ఎదురొస్తుంటే గబుక్కున పక్క సందులోకి తిరిగిపోయే వాళ్ళున్నారు. అలాంటివాళ్ళ తండ్రులనూ తాతలనూ సందు మొగలో నిలబడి, వెనకనుంచి కేకేసి మరీ పొగుడుతాడు.

ఆఫ్రికాలోని గాంబియా నుంచి వచ్చి, చలిదేశపు రేవు గోథెన్‌బర్గ్‌లో స్థిరపడ్డ వాళ్ళందరికీ ఆయన బాబాయే. ఇంటిపేరు జోబర్తే. కోరా మీటుతూ జనం వంశాలు పాడటం వాళ్ళకి తాతముత్తాతల నాటి కులవృత్తి. కోరా అంటే ఇంత లావు సొరకాయ బుర్రకి ఆవుతోలు బిగించి ఇరవైయొక్క తీగలు కట్టిన వాద్యం. వాయించడానికి నాలుగు వేళ్ళు చాలు గానీ, శ్రుతి చేయడానికి ఒక పూట పడుతుంది. పాతకాలం భట్రాజులు రాజుగారు కనబడితేనే గొంతెత్తేవారు. బాబాయ్‌కి ఆ పట్టింపేమీ లేదు. రొట్టెల కొట్లో వరసలో ముందు నిలబడ్డ ముసలమ్మ కూడా ఆయన కంటికి మహారాణే.

పోయిన చలికాలం పన్ను పీకించుకోవడానికి వెళ్ళాడు. డాక్టరమ్మ సూది సిద్ధం చేసుకుంటూ, మర్యాదకి, "ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి, భయం తెలీదు" అంది. ఆ మాట అన్నందుకు ఆవిడ తండ్రి పేరు చెప్పాల్సొచ్చింది. తర్వాత తాత పేరు. ముత్తాత పడవలు చేసేవాడని తెలిసేసరికి బాబాయ్ కుర్చీలోంచి లేచి కూర్చున్నాడు. ఆ పడవల మీద పొగడ్త పూర్తయ్యేసరికి బయట పదకొండుమంది దవడలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి, "మా ముత్తాత అంతటివాడని నాకు తెలీనే తెలీదు" అందట. పన్ను మాత్రం ఇప్పటికీ ఆయన నోట్లోనే ఉంది.

ట్రాములో టికెట్లు చూసే ఆయన సంగతి ఇంకా అన్యాయం.

"టికెట్ చూపించండి."

"చూపిస్తా నాయనా. ముందు మీ నాన్న పేరు చెప్పు."

"మా నాన్నతో మీకేం పనండీ? టికెట్!"

"టికెట్ ఎక్కడికి పోతుంది, జేబులోనే ఉంది. నాన్న పేరు?"

"యెస్టా. రేవులో క్రేన్ నడిపేవాడు. ఇహ తీయండి టికెట్."

"ఓడల్ని చేత్తో ఎత్తిన యెస్టా కొడుకా! అలా చెప్పు మరి!"

ఆ రోజు ఆ ట్రాములో ఇంకెవరూ టికెట్ చూపించలేదు. చివరి స్టాపులో ఇద్దరూ భుజాల మీద చేతులేసుకుని దిగారు.

పొగడ్త అంతా అయ్యాక చివర్లో ఒక ప్రశ్న వేస్తాడు. ఎవరికైనా అదే ప్రశ్న: "మీ వాళ్ళలో గానీ, మీవాళ్ళకి తెలిసినవాళ్ళలో గానీ, ఓడ మీద వంట చేసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

అదేం ప్రశ్నో ఎవరికీ అర్థం కాదు. పళ్ళ డాక్టరమ్మనీ అడిగాడు, యెస్టా కొడుకునీ అడిగాడు, పెళ్ళిపీటల మీద పెళ్ళికొడుకునీ అడిగాడు. ఇసతూ మాత్రం తనకి బాగా అర్థమైందంటుంది.

"తిండి యావ! భూమ్మీద ఉన్న వంటవాళ్ళందరి ఇళ్ళల్లోనూ తినేశాడు కదా, ఇహ సముద్రం మీద పడ్డాడు."

ఇసతూ కొనతే పెద్ద గుండిగల్లో అన్నం వండి సంబరాల్లో అమ్ముతుంది. జోబర్తేలకీ కొనతేలకీ ఏనాటినుంచో వేళాకోళం వరస. బావామరదళ్ళ ఎకసెక్కాల్లాంటిదే అనుకోండి, దానికన్నా ఘాటు. ఎదురుపడ్డప్పుడల్లా తిట్టుకోవాలి. కోపం తెచ్చుకోకూడదు. తిట్టు పడ్డవాళ్ళు అక్కడికక్కడే తిరిగి తిట్టాలి, లేకపోతే వరస కలవనట్టే. తిట్లన్నీ తిండి మీదే, అందులోనూ అలసందల మీద.

"ఏమే అలసందల మూటా! కొనతేలు వండిన అన్నంలో కొనతేలు తినగా జనానికేమైనా మిగిలిందా?"

"మిగిలింది బాబాయ్, గుండిగ అడుగున మాడు. జోబర్తేలకి అదే ఎక్కువ. చేతులు కడుక్కుని రా, నీకేం కొత్త కాదుగా!"

అలా తిట్టుకుని ఇద్దరూ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతారు. ఆ నవ్వు వినబడినప్పుడల్లా వేదిక పక్కన నిలబడ్డ అన్నెలీ చేతిలో కాగితాల్ని ఊరికే అటూ ఇటూ సర్దుతుంది.

అన్నెలీ లేకపోతే ఆ సంబరం లేదు. ఏటా జూన్ చివర్లో, నది అవతల పార్కులో ఆఫ్రికా సంబరం జరుగుతుంది. కాంగో నాట్యగత్తెలు, కేప్ వెర్డీ గాయకులు, క్యూబా డప్పుల వాళ్ళు, ఎరిత్రియా నుంచి వచ్చిన భుజాల నాట్యం వాళ్ళు, అందరూ ఒకే వేదిక మీద. అందులో ఒక్కరికీ గడియారమంటే గౌరవం లేదు. వాళ్ళందరి వంతు గౌరవాన్నీ అన్నెలీ ఒక్కతే మోస్తుంది. ఆమె మెడలో తాడుకి కోడిగుడ్డు ఆకారంలో వంటింటి గడియారమొకటి వేలాడుతుంటుంది. ఒక్కొక్కరికి ఇన్ని నిమిషాలని గుడ్డు తిప్పుతుంది. అది గణగణ మోగిందంటే దిగాల్సిందే. డప్పు మీద ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే దిగాలి.

ఆ గుడ్డుకి లొంగనివాడు బురామా బాబాయ్ ఒక్కడే. ఏడేళ్ళుగా ఏటా ఇదే తంతు. బాబాయ్ వేదికెక్కుతాడు. ముందు వరసలో ఉన్నవాళ్ళను పొగుడుతాడు. వెనక వరసకి వస్తాడు. పిల్లలబండి తోసుకుపోతున్న తల్లిని ఆపి, బండిలో ఉన్నవాడి తాతను పొగుడుతాడు. గుడ్డు మోగుతుంది. పాట ఇంకా మొదలే కాదు.

"బాబాయ్, నీ టైమైపోయింది. ఇక దిగు!"

"ఒక్క తరం అమ్మాయ్, ఒక్కటంటే ఒక్క తరం..."

"దిగు!"

ఊరందరినీ పొగిడిన ఆ నోరు అన్నెలీని మాత్రం ఒక్కసారి కూడా పొగడలేదు. మైకులు సరిచేసే ఉల్ఫ్‌ని పొగిడాడు. ఉల్ఫ్ కుక్కని పొగిడాడు, కుక్క తల్లిని పొగిడాడు. అన్నెలీ దగ్గరికొచ్చేసరికి మాట దాటేస్తాడు.

దానికో కారణముందని అన్నెలీ అనుకుంటుంది. ఆమె తల్లి ఈ ఊరిదే. తండ్రి ఒక చలికాలం రేవులో ఆగిన ఓడ మీద వచ్చి, ఆ ఓడతోనే వెళ్ళిపోయిన మనిషి. తల్లికి తెలిసినవి రెండే ముక్కలు: పేరు బూబా, ఊరు గాంబియాలో సముద్రపు ఒడ్డున ఎక్కడో. ఓ ఫోటో ఉంది. అందులో ఓ కుర్రవాడు చేతిలో ఏదో పొడుగాటి కర్ర పట్టుకుని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతుంటాడు.

ఏడేళ్ళ కిందట మొదటిసారి కలిసినప్పుడు బాబాయ్ ఆమెను అడగనే అడిగాడు.

"నాన్న పేరు?"

"బూబా."

"భలే! ఏ బూబా? ఇంటిపేరు?"

"తెలీదు."

"ఆయన నాన్న పేరు?"

"తెలీదు బాబాయ్. ఇంతే ఉంది" అని ఫోటో చూపించింది.

బాబాయ్ ఆ ఫోటో చాలాసేపు చూశాడు. తర్వాత నోరు మూసుకున్నాడు. ఆయన పుట్టాక ఆ నోరు మూతపడటం అదే మొదలట. ఫోటో తిరిగిచ్చి, "సరే అమ్మాయ్" అని వెళ్ళిపోయాడు.

నాలాంటిదాన్ని పొగడటానికి ఏముంటుందిలే అనుకుంది అన్నెలీ. పైకి ఎప్పుడూ అనలేదు. అక్కడందరూ ఆమెకి ఎంతో మర్యాద చేస్తారు. "అన్నెలీ గారూ, టీ తాగండి. అన్నెలీ గారూ, ఈ కుర్చీలో కూర్చోండి." ఇసతూ అయితే ముక్కలన్నీ ఏరి పళ్ళెంలో పెడుతుంది. అన్నెలీకి ఆ మర్యాదే ముల్లులా గుచ్చుకునేది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు తననీ "అలసందల మూటా" అని తిట్టకూడదా అని నలభై అయిదేళ్ళ ఆ మనిషి లోలోపల ఉవ్విళ్ళూరేది. అన్నం తింటూ ఇసతూనీ బాబాయ్‌నీ చూసి నవ్వి, లేచి వెళ్ళి గుడ్డు తిప్పుకునేది.

ఈ ఏడు వ్యవహారం ముదిరింది. పోయినేడు బాబాయ్ పుణ్యమా అని సంబరం పంతొమ్మిది నిమిషాలు ఎక్కువ నడిచింది. మునిసిపాలిటీ నుంచి ఉత్తరమొచ్చింది: సాయంత్రం ఆరు దాటాక స్పీకర్లలోంచి చప్పుడు వచ్చిందంటే ఇక పార్కు ఇవ్వరు. శబ్దం కొలిచే యంత్రం పట్టుకుని హోకాన్ అనే ఆయన స్వయంగా వస్తాడు.

"బాబాయ్‌ని పొద్దున్నే ఎక్కించేద్దాం" అంది అన్నెలీ.

పెద్దలు ఒప్పుకోలేదు. సంబరానికి మంగళం పాడాల్సింది వంశగాయకుడే, అది ఆచారం. సరే, అయిదున్నర నుంచి ఆరు దాకా బాబాయ్ వంతు.

అన్నెలీ ఆయన్ని పక్కకి పిలిచి గుడ్డు మొహం ముందు ఊపింది. "ఇది చూశావా? ఆరింటికి మోగుతుంది. మోగిందా, స్విచ్ నేనే దించేస్తా. ఈ సంబరం పోయిందంటే మనందరికీ కలుసుకునే చోటే ఉండదు. నాకైతే అసలే ఉండదు. అర్థమైందా?"

"అర్థమైంది అమ్మాయ్. ఆరింటికి నువ్వు దించెయ్. అడ్డమొస్తే ఒట్టు."

అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి అన్నెలీకి భయం పట్టుకుంది.

సంబరం రోజు మూడింటిదాకా గడియారంలా నడిచింది. తర్వాత కాంగో నాట్యగత్తెలు ఎంతకీ వేదిక మీదికి రారు. అన్నెలీ పరుగెత్తుకెళ్ళి చూస్తే, మెట్ల దగ్గర బాబాయ్ నిలబడి ఒక్కొక్కరినీ ఆపి తాత పేరడుగుతున్నాడు. పద్నాలుగుమంది నాట్యగత్తెలు, పద్నాలుగుమంది తాతలు!

"బాబాయ్! తప్పుకో!"

"ఇదిగో, ఈ ఒక్క పిల్ల తాతే మిగిలాడు..."

అన్నెలీ ఆయన్ని కోరాతో సహా లాక్కెళ్ళి ఇసతూ గుడారంలో కూర్చోబెట్టింది. "ఇసతూ గారూ, ఈయన కదలకుండా చూడండి."

"మీకెందుకు అన్నెలీ గారూ? పళ్ళెం ముందుంటే జోబర్తే కదిలిన చరిత్ర లేదు!"

చిలవలు పలవలుగా ఆలస్యం పెరిగి, బాబాయ్ వేదికెక్కేసరికి అయిదూ నలభై ఎనిమిది. అన్నెలీ గుడ్డుని పన్నెండుకి తిప్పింది. బాబాయ్ నింపాదిగా కుర్చీ జరుపుకున్నాడు. టోపీ సర్దుకున్నాడు. కోరా శ్రుతి మొదలుపెట్టాడు. ఒక తీగ. రెండో తీగ. మళ్ళీ మొదటి తీగ.

"చంపాడు! ఇరవైయొకటీ చేస్తాడా ఏం?" అన్నాడు ఉల్ఫ్.

చేశాడు. అయిదూ యాభై అయిదయింది. హోకాన్ యంత్రం తీసి వేదిక ముందుకొచ్చాడు. బాబాయ్ మొహం వెలిగిపోయింది.

"ఎవరయ్యా ఆ చప్పుళ్ళు తూచే ధర్మరాజు? నాన్న పేరు?"

"వద్దండీ..." అని గొణిగాడు హోకాన్.

"చెప్పకపోతే అలుగుతా!"

"...స్వెన్."

"స్వెన్ ఏం చేసేవాడు?"

"గడియారాలు బాగుచేసేవాడు."

"ఆహా! కాలానికే వైద్యం చేసిన స్వెన్ కొడుకా!" అని బాబాయ్ అందుకున్నాడు. హోకాన్ చెవులు టమాటాల్లా ఎర్రబడ్డాయి. యంత్రం చేతిలోనే ఉంది గానీ ఆయన దానివంక చూడటం మానేశాడు. యాభై ఏడు. యాభై ఎనిమిది. స్వెన్ తండ్రి, స్వెన్ తాత. అన్నెలీ స్విచ్ మీద చెయ్యి వేసింది. ఈ ఏడూ పాట లేదు, పల్లవి లేదు. అయినా అదేం చిత్రమో, బాబాయ్ మాటిమాటికీ గుడ్డు వంక తనే చూస్తున్నాడు, ఎప్పుడు మోగుతుందా అన్నట్టు.

గుడ్డు మోగింది. అన్నెలీ కళ్ళు మూసుకుని స్విచ్ దించేసింది. స్పీకర్లు చచ్చిపోయాయి. హోకాన్ తేరుకుని యంత్రం చూసి, "ఆరు. సరిగ్గా ఆరు" అన్నాడు, కాస్త దిగులుగా.

"హమ్మయ్య!" అన్నాడు బాబాయ్ మామూలు గొంతుతో. "ఆ పెట్టెలు ఎప్పుడు నోరు మూస్తాయా అని చూస్తున్నా. వంశం తెలీనివాళ్ళకి అది మొదటిసారి చెప్పేటప్పుడు గొంతుకీ చెవికీ మధ్య కరెంటు ఉండకూడదు. మా నాన్న మాట. అయ్యా స్వెన్ కొడుకా, వట్టి గొంతుకి నీ యంత్రంలో లెక్కుందా?"

"లేదు" అన్నాడు హోకాన్ వెంటనే. "స్పీకర్లకి మాత్రమే."

"అయితే ఇప్పుడు మొదలుపెడదాం. అన్నెలీ! ఇలా ముందుకి రా."

అన్నెలీ వచ్చి నిలబడింది, గుడ్డుని రెండు చేతులా పట్టుకుని.

"ఏడేళ్ళయింది ఈ అమ్మాయి నాకో ఫోటో చూపించి. అందులో కుర్రాడి చేతిలో ఉన్నది కర్ర అనుకుంది పిచ్చిపిల్ల. గరిటె అది! గుండిగలో అన్నం కలియబెట్టే గరిటె. ఆ గరిటె పట్టుకుని కనబడ్డ ప్రతివాణ్ణీ అడిగా. వీళ్ళు నన్ను తిండిపోతన్నారు. అననీ! ట్రాములో యెస్టా కొడుకు నన్ను వాళ్ళ నాన్న దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ ముసలాయన, 'చేపల్లో కూడా వేరుశనగ ముద్ద వేసే వంటవాడు బూబానా! మర్చిపోతానా!' అని ఓడ పేరు చెప్పాడు. పళ్ళ డాక్టరమ్మ మేనమామ ఓడల ఆఫీసులో గుమాస్తాగా చేశాడు. పాత కాగితాలు తిరగేసి ఇంటిపేరూ ఊరూ పట్టాడు. పన్ను పోతే పోయింది, పని అయింది."

"పన్ను పోలేదుగా!" అని ఎవరో అరిచారు.

"నోర్ముయ్! పాడుతున్నా!" అని బాబాయ్ కోరా మీటాడు.

ఆ కోరా ఎలా మోగిందో ఏం చెప్పను! పార్కు చివరన నిలబడ్డవాళ్ళకి కూడా వినిపించింది. అన్నెలీ, బూబా కూతురు. బూబా, ఓడ మీద పన్నెండు దేశాలవాళ్ళకి అన్నం పెట్టినవాడు. ఆ బూబా, నాఫీ కొడుకు. నాఫీ ఎవరనుకున్నారు? చేపల రేవులో ఇనప రేకు మోగించిన నాఫీ! ఆ రేకు మోగాక ఒక్క చేప అమ్మడానికి వీల్లేదు. ముసలివాడైనా, ముఖ్యమంత్రైనా, "నీ టైమైపోయింది, బుట్ట సర్దు!" అనేసేది. ఆ రేకు చప్పుడుకి కెరటాలు కూడా వెనక్కి పోయేవట!

జనం అన్నెలీ మెడలో గుడ్డు వంక చూశారు. ఒకడు పకపకా నవ్వాడు. ఆ తర్వాత అందరూ నవ్వారు. అన్నెలీ నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలీదు.

"బూబా పోయి పన్నెండేళ్ళయింది" అన్నాడు బాబాయ్ కోరా ఆపి, మెల్లగా. "రేకు ఇప్పుడు బూబా చెల్లెలి చేతిలో ఉంది. మీ మేనత్త. అదిగో, ఫోనులో వింటోంది." జేబులోంచి ఫోను తీసి పైకెత్తాడు. అందులోంచి ఒక గొంతు ఖంగుమంది.

"వింటున్నానయ్యా, గంటనుంచీ వింటూనే ఉన్నా! ఎవడో స్వెన్‌ని పొగుడుతావేంటి? బోట్లు ఒడ్డుకొచ్చేస్తున్నాయి, త్వరగా కానీ! ఏమ్మా పిల్లా, ఉన్నావా? నీ సంగతి మా అన్నకి తెలీదే తల్లీ. తెలిసుంటే ఈదుకుంటూ వచ్చేవాడు. ఇప్పటికే ఆలస్యమైంది, ఈ చలికాలం వచ్చెయ్యి!"

"వస్తానత్తా" అంది అన్నెలీ.

బాబాయ్ ఫోను జేబులో పెట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఇంటిపేరు చెప్పలేదు కదూ? కొనతే! అన్నెలీ కొనతే!"

గుడారంలో ఇసతూ చేతిలో గరిటె దభీమని కిందపడింది. "ఓరి దేవుడో! మా పిల్లా? ముక్కలన్నీ ఏరి పెట్టి మర్యాద చేశానే దీనికి! ఎంత నష్టం!"

బాబాయ్ ఛాతీ విరుచుకుని అన్నెలీ వైపు వేలు చూపించాడు. "ఏడేళ్ళు మర్యాదగా మాట్లాడి నా నాలుక మొద్దుబారిపోయింది. ఇహ కాచుకో. ఏమే అలసందల మూటా! తాత ముత్తాతలనుంచీ అలసందలు మెక్కి మెక్కి, మిగిలిన పొట్టు కూడా మూటగట్టుకుని ఓడెక్కిన కొనతేల పిల్లా! నీ మెడలో ఉన్నది గడియారం కాదు, ఆకలైతే తిందామని దాచుకున్న గుడ్డు!"

జనం నవ్వబోయి ఆగారు. తిట్టు పడింది, ఇప్పుడు తిట్టు తిరిగి రావాలి. రాకపోతే వరస కలవదు. ఏడేళ్ళుగా ఒక్క తిట్టు కోసం మొహం వాచిన మనిషికి, తీరా తిట్టాల్సొచ్చేసరికి నోట మాట రాలేదు. అలసందల తిట్లు ఎన్ని విన్లేదు! ఒక్కటీ గుర్తుకు రాదే!

"తిట్టవే! ఇంటి పరువు తీస్తావా ఏం? తిట్టు!" అని గుడారంలోంచి పరుగెత్తుకొచ్చిన ఇసతూ వెనకనుంచి వీపు మీద ఒక్కటిచ్చింది. 'గారూ' ఎప్పుడు ఎగిరిపోయిందో ఎవరూ చూళ్ళేదు.

అన్నెలీ బాబాయ్ వైపు తిరిగింది. బాబాయ్‌ని చూసి తను ఏడేళ్ళుగా అన్న మాట ఒక్కటే ఆమె నోట్లో ఉంది. అదే వచ్చింది, ఈసారి చేపల రేవు దాకా వినబడేంత గట్టిగా.

"బాబాయ్! నీ టైమైపోయింది! ఇక దిగు!"

పార్కు పార్కంతా ఘొల్లుమంది. డప్పుల వాళ్ళు డప్పులెత్తారు. ఇసతూ పొట్ట పట్టుకుని గడ్డిలో కూలబడింది. జేబులోని ఫోనులోంచి మేనత్త, "అదీ! మా అమ్మ గొంతే!" అని రేకు వాయించేసింది. సముద్రం అవతలి ఒడ్డున చేపలమ్మేవాళ్ళు పాపం బుట్టలు సర్దుకున్నారట.

బురామా బాబాయ్ మాత్రం దిగలేదు. కుర్చీ మళ్ళీ దగ్గరికి లాక్కుని, టోపీ సర్దుకుని, నాఫీ వాళ్ళ నాన్న పేరు ఎత్తుకున్నాడు. ఇంకా అయిదు తరాలు మిగిలున్నాయి. అన్నెలీ మెట్ల మీద కూర్చుని, మెడలోంచి గుడ్డు తీసి హోకాన్ చేతికిచ్చింది.